ధాతకి పువ్వు: అరిష్టం తొట్టిలో దాని అసలు పని

అందరికీ నమస్కారం. ఇక్కడ సగం మంది ఆయుర్వేద మందుల తయారీ నేర్చుకుంటున్నవాళ్లు, మిగతావాళ్లు కొండల్లో మూలికలు ఏరి అమ్ముకునేవాళ్లు అని నిర్వాహకులు చెప్పారు. ఇద్దరికీ పనికొచ్చే సరుకు ఈ సంచీలో ఉంది. ముందు వరసలో వాళ్లు తలా ఒక పువ్వు తీసుకుని సంచీ వెనక్కి పంపండి. నోట్లో వేసుకుని నమలండి, ఏమీ కాదు. పచ్చి వక్క నమిలినట్టు నాలుక బిగుసుకుంటుంది. అరిష్టాలు, ఆసవాలు, అంటే మూలికలను బెల్లంతో పులియబెట్టి చేసే ద్రవ మందుల్లో ఆ వగరు చేసే పనే ఈరోజు మన విషయం.

ఇది ధాతకి. తెలుగులో ఆరె పువ్వు అంటారు, కొన్నిచోట్ల సేరింజి అని కూడా అంటారు. శాస్త్రనామం ఉడ్‌ఫోర్డియా ఫ్రూటికోసా. గోరింటాకు, దానిమ్మల కుటుంబానికే చెందినది. కొనేటప్పుడు మాత్రం ధాతకి అనే అడగండి. బీడీలు చుట్టే ఆకులిచ్చే ఆరె చెట్టు వేరే ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. పేరు పట్టుకుని పోతే వేరే సరుకు చేతికొస్తుంది.

మనిషెత్తు పొద. తూర్పు కనుమల్లో రాతి వాలుల మీద, వాగుల ఒడ్డున, అడవి నరికి వదిలేసిన ఖాళీల్లో గుబురుగా పెరుగుతుంది. ఆకు అడుగున సన్నటి నల్ల చుక్కలుంటాయి, గుర్తు పట్టడానికి అదొక ఆనవాలు. చలికాలం చివర్లో మొదలై ఎండలు ముదిరేదాకా కొమ్మ నిండా ఇటుక రంగు పూలు. మనం పువ్వు అంటున్నది నిజానికి గొట్టంలాంటి రక్షక పత్రమే. లోపలి రేకలు కంటికి ఆనవు. దాంట్లో తేనె బాగా ఉంటుంది, అందుకే తేనెటీగలూ తేనెపిట్టలూ ఆ పొదను వదలవు.

ఇక విషయంలోకి వస్తాను. కుటజారిష్టం, అశోకారిష్టం, అర్జునారిష్టం, దశమూలారిష్టం, లోహాసవం... ఏ సీసా మీద పదార్థాల పట్టీ చూసినా ధాతకి ఉంటుంది. ఎందుకు వేశారు అని అడిగితే, "పులవడానికి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అక్కడినుంచి రెండో మాట పుడుతుంది: పులవడానికే అయితే బేకరీ ఈస్టు చిటికెడు వేస్తే సరిపోతుంది కదా, అంత పువ్వు ఎందుకు దండగ? ఈ లెక్క తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే కాస్త కూడిక, తీసివేత చేయాలి.

ముందు ఈస్టు సంగతి. ఎండబెట్టిన పువ్వు మీద ఈస్టు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చాలామంది దాన్నే నమ్ముకుంటారు. 1993లో నెదర్లాండ్స్, శ్రీలంక పరిశోధకులు కలిసి వేప బెరడుతో చేసే నింబారిష్టాన్ని పరీక్షించారు. సారా పుట్టించే సూక్ష్మజీవులు ఈ పువ్వు నుంచి రావడం లేదని తేల్చారు. అయినా పువ్వు వేసిన తొట్టిలో ఆల్కహాలు ఎక్కువ వచ్చింది. పువ్వులో ఇన్వర్టేజ్ అనే ఎంజైము పనితనం కనిపించింది. బెల్లంలో ఉండే సుక్రోజును అది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. ఈస్టుకు ఆ తిండి సులువు. రోగనిరోధక వ్యవస్థ మీద ఆ అరిష్టం చూపిన ప్రభావానికి కూడా పువ్వులోంచి దిగిన పదార్థాలే కారణమని వాళ్లు గుర్తించారు. వేప బెరడు మందులో పని కనబరిచింది పువ్వన్నమాట.

మరి ఈస్టు ఎక్కడిది? పాత పద్ధతిలో కుండ గోడల్లోంచి, కొయ్య తొట్టి పగుళ్లలోంచి, ఎండు ద్రాక్ష మీదనుంచి, ఇప్పపువ్వు మీదనుంచి, గాలిలోంచి. ఒకే తొట్టిని ఏళ్ల తరబడి ఒకే మందుకు వాడటం వెనక ఉన్న తెలివి అదే.

రెండోది వగరు. ఎండు పువ్వులో సుమారు అయిదో వంతు టానిన్లే, అంటే ఆ వగరునిచ్చే పదార్థాలే. తొట్టిలో బాక్టీరియాను అణచిపెట్టి ఈస్టుకు దారి ఇచ్చేవి ఇవే. ప్రేగుల లోపలి పొర మీద బిగింపు తెచ్చి విరేచనాన్ని పట్టేవీ ఇవే. అందుకే చరకుడు దీన్ని మలాన్ని గట్టిపరిచే పది ద్రవ్యాల గుంపులో చేర్చాడు. సుశ్రుతుడి ప్రియంగ్వాది, అంబష్ఠాది గణాలు, అంటే మూలికల గుంపులు, రెండింటిలోనూ ఉంది. రసం (రుచి) కషాయం (వగరు), వీర్యం శీతం (చలువ), విపాకం (అరిగాక మిగిలే రుచి) కటువు (కారం), గుణాలు లఘువు (తేలిక), రూక్షం (పొడి). విద్యార్థులకు ఇవి కంఠతా వచ్చే ఉంటాయి, ఇక్కడ సాగదీయను.

ఇప్పుడు కూడిక. కుటజారిష్టం పాఠం తీసుకుందాం. అసలు కొలతలో కొడిశపాల బెరడు ఒక తుల, అంటే 4.8 కిలోలు. దాన్ని పదో వంతుకు దించి చెప్తాను, నేర్చుకునేవాళ్లకు అది చాలు. కొడిశపాల బెరడు 480 గ్రాములు, ఎండు ద్రాక్ష 240, ఇప్పపువ్వు 48, గుమ్మడి టేకు 48. నీళ్లు 4.9 లీటర్లు పోసి 1.23 లీటర్లు మిగిలేదాకా కాచాలి. బెల్లం 480 గ్రాములు. ధాతకి పువ్వు 96 గ్రాములు. అంటే బెల్లంలో అయిదో వంతు పువ్వు! ఈస్టు పని కోసమే అయితే ఇంత అక్కర్లేదు.

బెల్లం కరిగాక తొట్టిలో ద్రవం దాదాపు లీటరున్నర అవుతుంది. పెద్దవాళ్ల మోతాదు 12 నుంచి 24 మిల్లీలీటర్లు. 24 మిల్లీలీటర్లలోకి వచ్చే పువ్వు ఎంత? సుమారు గ్రామున్నర. ధాతకి పొడిని విడిగా ఇస్తే మోతాదు 3 నుంచి 6 గ్రాములు. అంటే ఒక మోతాదు కుటజారిష్టంలో పొడి మోతాదులో పావు నుంచి సగం దాకా ధాతకి ఉంది. రోజుకు రెండుసార్లు తాగితే మూడు గ్రాములు. ఇది తోడు పెట్టే మజ్జిగ చుక్క లెక్కలోకి రాదు, పూర్తి స్థాయి మందు. ఈస్టు వేసి పువ్వు ఎగ్గొట్టినవాడు ఆ మందును కూడా ఎగ్గొట్టాడు.

పాత ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు కొలతలు చెప్పని అరిష్టాలకు సాధారణ సూత్రం ఒకటి ఇచ్చాడు: ద్రోణం ద్రవానికి తుల బెల్లం, బెల్లంలో సగం తేనె, పదో వంతు ప్రక్షేప ద్రవ్యాలు, అంటే కషాయం అయ్యాక పైన కలిపే మూలికలు. దీన్ని అక్షరాలా తీసుకుంటే 12.288 లీటర్లకు 4.8 కిలోల బెల్లం, 2.4 కిలోల తేనె. చక్కెర లీటరుకు సుమారు 350 గ్రాములు పడుతుంది. ఈస్టుకు ఇది ఊపిరాడని చిక్కదనం, పులవడం బద్ధకంగా సాగి మధ్యలో ఆగుతుంది. ద్రవాలకు రెట్టింపు కొలత తీసుకోవాలన్న ద్రవద్వైగుణ్య పరిభాషను ఇక్కడ వర్తింపజేస్తే లీటరుకు 200 గ్రాములకు దిగుతుంది, బాగా పులుస్తుంది. ఏది సరైనదని వైద్యుల్లో పాత వాదన ఉంది. రెండింటికీ ఫలితం వేరు: చిక్కటిది ఆగిపోయి తియ్యగా మిగులుతుంది, ఆ తీపి నిల్వకు కాపు. పల్చటిదాంట్లో తీపి మిగలదు, ఆల్కహాలు పెరుగుతుంది. ఒక లెక్క గుర్తుంచుకోండి: లీటరులో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాలు. 200 గ్రాములూ పులిస్తే 12 శాతం దగ్గరకు చేరుతుంది. తనంతట తాను పుట్టే ఆల్కహాలుకు మన నిబంధనల్లో సాధారణ పరిమితి కూడా 12 శాతమే. కాబట్టి పల్చన చేసేవాళ్లు జాగ్రత్త. మామూలుగా మంచి అరిష్టం 5 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది.

ఇక చేసే వరస. పువ్వు దగ్గరే మొదలుపెడతాను, ఏరేవాళ్లు ఉన్నారు కాబట్టి. విచ్చిన పువ్వు గొట్టంతో సహా తుంచాలి. కొమ్మ విరిచి దులిపితే ఆకు, పుల్ల, మొగ్గ అన్నీ కలుస్తాయి, పైగా వచ్చే ఏడాది ఆ కొమ్మ ఉండదు. మంచు ఆరాక కోయండి. నీడలో, గాలి ఆడేచోట, పలచగా గుడ్డ మీద పరిచి రోజూ తిరగేయాలి. సరిగా ఎండినది ఎర్రటి గోధుమ రంగులో ఉండి చేత్తో నలిపితే గలగలమంటుంది, వాసన ఉండదు. నల్లబడితే తడి మీద కుప్ప పోశారని అర్థం. అలాంటిది తొట్టిలో వేస్తే ఈస్టుకు ముందు బూజు లేస్తుంది. పాలిథీన్ సంచీలో కట్టకండి, చెమ్మ పడుతుంది. ఏడాది దాటిన పువ్వును నేనైతే తీసుకోను.

కొడిశపాల బెరడు కొనేటప్పుడు నమిలి చూడండి. చేదు గట్టిగా ఉండాలి. తెడ్లపాల బెరడు చూడటానికి అలాగే ఉంటుంది, దాన్ని అంటగట్టేవాళ్లున్నారు, అందులో ఆ చేదు ఉండదు.

బెరడును యవకుట్టుగా, అంటే బార్లీ గింజంత ముక్కలుగా దంచాలి. మెత్తగా పొడి చేస్తే కషాయం బురదలా అయి వడగట్టలేరు. రాత్రంతా నానబెట్టి పొద్దున సన్నటి సెగ మీద మూత లేకుండా కాచాలి. వడగట్టి, వేడిగా ఉన్నప్పుడే బెల్లం కరిగించి మళ్లీ వడగట్టండి, ఇసుక అడుగున పడుతుంది. ఇక్కడ ఆగాలి. గోరువెచ్చన కూడా దిగి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా, అంటే 30 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చాకే ధాతకి వేయాలి. వేడి ద్రవంలో పువ్వు పడితే ఇన్వర్టేజూ పోతుంది, దాన్ని పట్టుకుని వచ్చిన ఈస్టూ చస్తుంది. కషాయంలో వేసి కాచేద్దాం అనుకోవడం మరీ పెద్ద తప్పు. తేనె ఉన్న యోగమైతే తేనె కూడా చల్లారాకే. పువ్వును పొడి చేయకండి, దుమ్ము దులిపి గింజా పుల్లా ఏరి మొత్తంగానే వేయండి.

బెల్లం గురించి ఒక మాట. పసుపుగా మెరిసే బెల్లం కంటికి ఇంపుగానే ఉంటుంది గానీ ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. దాని గంధకపు శేషం ఈస్టును తొక్కిపెడుతుంది. "అన్నీ సరిగ్గా వేశాం, నురగే రాలేదు" అనేవాళ్లు ముందు చూడాల్సింది బెల్లం వైపే. ముదురు రంగు పాత బెల్లం మంచిది. నల్లబెల్లం బస్తాల్లో కొంటే సారా కాయడానికా అని ఎక్సైజు వాళ్లు ఆరా తీస్తారు, లైసెన్సు కాపీ దగ్గర ఉంచుకోండి. (సభలో నవ్వులు)

పాత్ర: మట్టి కుండ అయితే లోపల నెయ్యి పూసి, గుగ్గిలం, అగరు లాంటివాటితో పొగ వేస్తారు. నెయ్యి రంధ్రాలు మూయడానికి, పొగ సూక్ష్మజీవులను తగ్గించడానికి. టేకు తొట్టి, స్టీలు తొట్టి కూడా మంచివే. ఇనుము, రాగి వద్దు. టానిన్, ఇనుము కలిస్తే సిరా. అక్షరాలా సిరాయే, నీలిమ తిరిగిన నలుపు. లోహాసవం లాంటివి దీనికి మినహాయింపు, వాటిలో ఇనుము మందుగా వేస్తారు కాబట్టి నలుపు ఉండాల్సిందే. పాత్రలో ముప్పావు వంతే నింపండి. మూడోనాటికి పొంగు మూత దాకా వస్తుంది.

నురగ మొదలయ్యేదాకా గుడ్డతో వాసెన కట్టి, తర్వాత గాలి లోపలికి పోకుండా మూత బిగించాలి. గ్యాసు బయటికి పోయే సన్నటి గొట్టం పెట్టి దాని కొస నీళ్లలో ముంచితే అన్నిటికన్నా మేలు. మొదటి నాలుగైదు రోజులు పువ్వు పైకి తేలి మెత్తగా అట్ట కడుతుంది. ద్రవం పైన పొడిగా మిగిలిన పువ్వు మీదే బూజు పడుతుంది. శుభ్రమైన కొయ్య తెడ్డుతో రోజుకోసారి కిందికి నొక్కండి. పలచటి గుడ్డలో మూటకట్టి గాజు బరువు వేసి ముంచేవాళ్లూ ఉన్నారు, అదీ బాగుంటుంది.

వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉండాలి. మన కోస్తాలో, తెలంగాణలో మే నెల ఎండకు రేకుల షెడ్డులో తొట్టి పెడితే ఈస్టు కూలబడుతుంది, పుల్లదనం పుట్టించే బాక్టీరియా రాజ్యమేలుతుంది. కుండను ధాన్యపు రాశిలోనో, భూమిలోనో పాతిపెట్టమని పాతవాళ్లు చెప్పింది ఇందుకే. పగలూ రాత్రీ వేడి ఒకేలా ఉంటుంది.

తొట్టి నడుస్తోందా అని చూడటానికి చెవి పెడితే చాలు, బుసబుసమని వినిపిస్తుంది. మూత తీసి వెలిగించిన అగ్గిపుల్ల దించితే ఆరిపోతుంది. పైకొచ్చే గాలిని సున్నపు తేటలోకి పంపితే పాలలా తెల్లబడుతుంది. పులవడం ముగిసిందనడానికి ఇవన్నీ తిరగబడాలి: చప్పుడు ఆగాలి, మంట నిలవాలి, సున్నపు తేట తేటగానే ఉండాలి, పువ్వు అడుగుకు దిగాలి. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఉన్నవాళ్లు మూడు రోజులు వరసగా ఒకే అంకె వచ్చేదాకా ఆగండి. పంచాంగం చూసి నెల నిండిందని తీసేయడం సరికాదు. వేసవిలో పదిహేను రోజులకు ముగియవచ్చు, చలికాలంలో నెల దాటవచ్చు.

వడగట్టాక కొన్ని వారాలు మూత బిగించి తేర్చాలి. సీసాలో పోశాక అడుగున సన్నటి మడ్డి మళ్లీ దిగుతుంది. కొడిశపాలలోని ఆల్కలాయిడ్లు, పువ్వులోని టానిన్లు కలిసి దిగే మడ్డి కూడా అందులో ఉంటుంది. కంగారు పడక సీసా కుదిపి వాడాలి. తొందరపడి పులవడం ఆగకముందే సీసా కట్టినవాళ్లకు మాత్రం మూతలు లేస్తాయి, సీసాలు పగులుతాయి. వెనిగర్ వాసన వచ్చిన తొట్టిని బాగుచేసే ఉపాయం లేదు. బెల్లం కలిపి కప్పిపుచ్చేవాళ్లున్నారు. అది అరిష్టం కాదు, శుక్తం, అంటే పుల్లబడి వెనిగర్‌గా మారినది, పారబోయండి.

ఇక్కడ టింక్చర్ల మాట రావాలి, ఒక విద్యార్థి చీటీ పంపారు. "పులియబెట్టే బదులు నేరుగా ఆల్కహాలులో తీయకూడదా?" తీయవచ్చు. 100 గ్రాముల ముతక పొడికి 60 శాతం ఆల్కహాలు 500 మిల్లీలీటర్లు, మూతపెట్టి ఏడు రోజులు, రోజుకు రెండుసార్లు కుదపడం, పిండి వడగట్టడం. ముదురు ఎరుపు ద్రవం వస్తుంది. ఒక చుక్కను నీళ్లలో వేసి ఫెర్రిక్ క్లోరైడు తగిలిస్తే నీలి నలుపు తిరుగుతుంది, టానిన్ దిగిందని రుజువు. పుక్కిలించడానికి, చిగుళ్లకు పూయడానికి నీళ్లలో పల్చన చేసి వాడుకోవచ్చు. కానీ విరేచనాల మందుగా దీన్ని నేను ఎంచుకోను. గ్రామున్నర పువ్వు సత్తువ కావాలంటే ఏడున్నర మిల్లీలీటర్ల టింక్చర్ తాగాలి, అందులో నాలుగున్నర మిల్లీలీటర్లు శుద్ధ ఆల్కహాలు. అదే పువ్వు అరిష్టంలో అయితే 8 శాతం లెక్కన రెండు మిల్లీలీటర్లలోపే. పైగా టానిన్ నీళ్లలోనే చక్కగా దిగుతుంది, గాఢమైన సారాతో పని లేదు. అరిష్టంలో ఆల్కహాలు సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది కాబట్టి నీటికి దిగేవి ముందు, ఆల్కహాలుకు దిగేవి తర్వాత వస్తాయి.

వాడకం. పొడిని మజ్జిగతో నీళ్ల విరేచనాలకు, బియ్యం కడుగుతో తెల్లబట్టకు, అధిక రుతుస్రావానికి ఇవ్వడం సంప్రదాయం. లఘు గంగాధర చూర్ణంలో తుంగముస్తలు, కొడిశపాల గింజలు, మారేడు, లొద్దుగ, బూరుగ బంకలతో పాటు ధాతకి ఉంది. రసి కారే పుండ్ల మీద పొడి చల్లుతారు. అరిష్టాలను భోజనం తర్వాత సమానంగా నీళ్లు కలిపి ఇస్తారు.

ఎవరికి వద్దో గట్టిగా చెప్తాను. గర్భిణులు, చిన్నపిల్లలు, కాలేయ వ్యాధి ఉన్నవాళ్లు, మద్యం మానిన మనిషి, ఎవరూ అరిష్టం ముట్టకూడదు. షుగరు ఉన్నవాళ్లకు మిగులు తీపి ఇబ్బంది. జిగట విరేచనాలకు అల్లోపతి డాక్టరు మెట్రోనిడజోల్ ఇచ్చి ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్లు కుటజారిష్టం పోస్తారు. ఆ మాత్ర వాడే రోజుల్లోనూ, ఆపిన మూడు రోజుల దాకా ఆల్కహాలు వద్దని దాని మీదే హెచ్చరిక ఉంటుంది: వాంతులు, ముఖం ఎర్రబడటం, గుండెదడ రావచ్చు. ఐరన్ మాత్రలు వాడేవాళ్లు ధాతకి మందుకు, మాత్రకు మధ్య రెండు గంటలు ఎడం ఇవ్వాలి, టానిన్ ఇనుమును పట్టేస్తుంది. జ్వరంతో రక్త విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. వగరు మందుతో పట్టి ఉంచే జబ్బు కాదది.

ప్రశ్నలు రెండు తీసుకుంటాను.

(సభలోంచి: ఇంట్లో చిన్న కుండతో చేసుకోవచ్చా అండీ?)

అమ్మడానికైతే ఆయుష్ లైసెన్సు తప్పనిసరి, అందులో మాట లేదు. ఇంటివరకైనా నేను వద్దంటాను. ఆల్కహాలు ఎంతుందో, పుల్లదనం ఎంతుందో కొలవకుండా రోగికి పోయడం మంచిది కాదు. వైద్యుడు చెప్తే పొడి చేసుకోండి. అదే పువ్వు, అదే వగరు.

(సభలోంచి: రంగు తగ్గిన పాత పువ్వు రెండు బస్తాలు మిగిలిపోయిందండీ, ఏం చేయమంటారు?)

బూజు ఉందా? లేదు కదా. అయితే మందుల వాళ్లకు అమ్మకండి, అద్దకం వాళ్లను అడగండి. గుజరాత్, రాజస్థాన్‌లలో అచ్చు అద్దకం చేసేవాళ్లు అలిజరిన్ ఎరుపు కాచే రాగి డేగిశాలో ఈ పువ్వు వేస్తారు, తెల్లగా ఉండాల్సిన చోట రంగు అంటకుండా. వాళ్లకు కాస్త రంగు తగ్గినా ఫరవాలేదు. తడి తగలకుండా గోనెసంచీల్లో పంపండి, బస్తా మీద కోసిన నెల రాయండి.